ఒకే బ్యాంకులో ఎదగడమా, బ్యాంకులు మారడమా: ఏది మేలు?

కర్నూలులో డిగ్రీ ముగించిన పిల్లల తల్లిదండ్రులు ఈ మధ్య తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. అంతర్జాతీయ బ్యాంకింగులో పైస్థాయికి చేరాలంటే నంద్యాలలో కోచింగ్ ఇప్పించి పీవో (ప్రభుత్వ బ్యాంకులో ప్రొబేషనరీ ఆఫీసర్) పరీక్ష రాయించడం మంచిదా, లేక ఎంబీఏ చదివించి విదేశీ బ్యాంకులో చేర్పించి, అక్కడి నుంచి మారుతూ పోనివ్వడం మంచిదా?

మొదటి దారికి ఉదాహరణ మనకు తుంగభద్ర అవతలి ఒడ్డునే ఉంది. గద్వాల జిల్లాకు చెందిన చల్లా శ్రీనివాసులు శెట్టి వ్యవసాయ శాస్త్రంలో పట్టా పుచ్చుకొని, 1988లో స్టేట్ బ్యాంకులో పీవోగా చేరి, న్యూయార్క్ శాఖలో పనిచేసి, మొండి బకాయిల పరిష్కార విభాగాన్ని నడిపి, 2024 ఆగస్టులో ఛైర్మన్ అయ్యారు. లండన్‌లో నోయెల్ క్విన్ కథ కూడా ఇలాంటిదే. ఆయన 1987లో మిడ్‌లాండ్ బ్యాంకు అనుబంధ సంస్థలో చేరారు. 1992లో మిడ్‌లాండ్‌ను అంతర్జాతీయ బ్యాంకు హెచ్‌ఎస్‌బీసీ కొనుగోలు చేసింది. వాణిజ్య బ్యాంకింగ్ విభాగాధిపతిగా పనిచేసిన ఆయన 2020లో పూర్తిస్థాయి గ్రూపు సీఈవో అయ్యారు.

రెండో దారిలో వచ్చినవారుగా 2015లో లండన్‌లోని స్టాండర్డ్ చార్టర్డ్ బ్యాంకు పగ్గాలు చేపట్టిన బిల్ వింటర్స్‌ను, 2009లో సింగపూర్ బ్యాంకు డీబీఎస్‌కు సీఈవో అయిన పీయూష్ గుప్తాను చూపుతారు. అయితే వింటర్స్ అంతకుముందు 1983 నుంచి 2009 దాకా అమెరికా బ్యాంకు జేపీ మోర్గాన్‌లోనే ఉన్నారు. గుప్తా 1982లో సిటీబ్యాంకులో చేరి, నడుమ కొద్దికాలం తప్ప అక్కడే ఎదిగారు. బయటివారని పేరే గాని, వీరూ పని నేర్చుకున్నది ఒకే చోట. కంపెనీలకు సలహాలిచ్చే కన్సల్టింగ్ రంగం నుంచి సిటీగ్రూపు శిఖరానికి చేరిన జేన్ ఫ్రేజర్ దారి కూడా ఉంది గాని, అది ఎందరికో అందేది కాదు.

నా దృష్టిలో తేల్చవలసింది బ్యాంకు మారడం గురించి కాదు. తానిచ్చిన అప్పు మునిగినప్పుడు ఆ అధికారి ఇంకా అక్కడే ఉన్నాడా అన్నది. రెండేళ్లకోసారి మారేవాడు రుణం మంజూరు చేస్తాడే గాని, అది మొండి బకాయి అయ్యే నాటికి ఆ కుర్చీలో మరొకరుంటారు. అనంతపురంలో వానల్లేక వేరుశనగ ఎండిన ఏడాది రైతుల రుణాలను రీషెడ్యూలు చేసిన ఫీల్డ్ ఆఫీసరుకు, అప్పు తీర్చలేనివాడెవరో, తీర్చనివాడెవరో కాగితాలు చూడకముందే కొంత తెలుస్తుంది. పలు దేశాల బ్యాంకులు కలిసి ఒక కంపెనీకి ఇచ్చే రుణానికీ ఆ చూపే కావాలి.

అందువల్ల నా మొగ్గు పీవో వైపే. ఒక్క షరతు: చిన్న వయసులోనే చేరాలి. స్టేట్ బ్యాంకు పీవోకు 21 నుంచి 30 ఏళ్ల వరకు అర్హత ఉన్నా, పదవీ విరమణ 60కే. ఒక్కో స్కేలుకూ (అధికారి స్థాయికీ) కొన్నేళ్ల సర్వీసు కావాలి గనుక, 29లో చేరినవారికి పైమెట్లు చాలా మటుకు అందవు. అటువంటివారు జీతం కాస్త తక్కువైనా ప్రైవేటు బ్యాంకులో కంపెనీలకు రుణాలిచ్చే విభాగాన్నే అడిగి చేరడం మంచిది.