నెల్లూరు ఎండలో మూడేళ్లు నిలిచిన మొక్కల అక్వేరియం

మా హాల్లోని రెండడుగుల గాజు తొట్టెకు ఈ వేసవితో మూడేళ్లు నిండాయి. పట్టేది 60 లీటర్ల పైచిలుకు. కొన్న వారానికే మురిసిపోయి రాసిన సమీక్షలు నమ్మి నేను చాలా డబ్బు పోగొట్టుకున్నాను. అందుకే మూడు ఎండాకాలాలు దాటేదాకా ఆగి ఇది రాస్తున్నాను.

ముందు నా తొందరపాటు చెప్పాలి. తొట్టె, వెనక తగిలించే ఫిల్టరు, ఎల్ఈడీ లైటు, మొక్కల కోసం అడుగున పరిచే, గుళికల్లా ఉండే ఖరీదైన మట్టి ఆక్వాసాయిల్, 10 నియాన్ టెట్రా చేపలు, అన్నీ ఒకే రోజు తెచ్చేశాను. ఒక రాత్రి నీళ్లు ఆడనిస్తే చాలని దుకాణంలో చెప్పారు. ఆరో రోజుకు మూడు చేపలే మిగిలాయి.

విడవలూరు వైపు రొయ్యల చెరువులు చేసే మా చిన్నాన్న ఆ వారమే ఇంటికి వచ్చారు. తొట్టెలో చెయ్యి ముంచి, వేళ్లు వాసన చూసి, "నీళ్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి కదరా, అప్పుడే పిల్లను వదిలేశావా?" అన్నారు. మర్నాడు చెరువు దగ్గర వాడే అమ్మోనియా కిట్టు పంపించారు. చుక్కలు వేసి ఊపితే, పసుపుగా ఉండవలసిన నీళ్లు గోరింటాకు ముద్దలా ముదురు ఆకుపచ్చకు తిరిగాయి. కొత్త ఆక్వాసాయిల్ మొదటి వారాల్లో తనంతట తానే అమ్మోనియా వదులుతుందన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. దానికి పది చేపల మలం తోడైతే ఇక చెప్పేదేముంది?

చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైటుగా మారుస్తుంది, దాన్ని ఇంకో రకం నైట్రేటుగా మారుస్తుంది. మొదటి రెండూ చేపకు విషం. మూడోది మొక్కకు తిండి. ఈ బ్యాక్టీరియా ఫిల్టరు స్పాంజిలోనూ ఇసుకలోనూ కాపురం పెట్టడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. స్పాంజిని క్లోరిన్ ఉన్న కుళాయి కింద పెట్టి తెల్లగా ఉతికామా, ఆ కాపురం కూలినట్టే. తొట్టెలోంచి తోడిన నీళ్లలో రెండుసార్లు పిండితే సరిపోతుంది.

మిగిలిన మూడు చేపలను స్నేహితుడి పాత తొట్టెకు పంపి, మొత్తం విప్పేసి మళ్లీ కట్టాను. ఈసారి అడుగున ఎరువు తగలని ఎర్రమట్టి జల్లించి అంగుళం మందాన పరిచాను, దాని మీద ఒకటిన్నర అంగుళం ఇసుక. ఇసుక దగ్గర మాత్రం ఇంట్లో చిన్న గొడవే జరిగింది. మైపాడు నుంచి తెల్లగా మెరిసే సముద్రపు ఇసుక తెచ్చి పెట్టారు మా వాళ్లు. గిన్నెలో గుప్పెడు వేసి పొదలకూరు నిమ్మకాయ పిండితే సన్నగా బుడగలు లేచాయి. గవ్వల పొడి ఉన్న ఇసుక అది. నీటిలో మెల్లగా కరిగి, అసలే కఠినమైన మా బోరు నీటిని ఇంకా కఠినం చేస్తుంది. పెన్నా ఇసుక మీద అదే నిమ్మకాయ పిండినా చలనం లేదు. దాన్ని బియ్యం కడిగినట్టు పదిసార్లు కడిగి వేశాను.

ఈ నీటి కఠినత్వమే అన్నిటినీ నిర్ణయించింది. నియాన్ టెట్రాలు లవణాలు తక్కువున్న మెత్తని నీటి చేపలు. వాటినే మళ్లీ పెంచాలని ఆరు నెలలు ఆర్వో క్యాన్లు మోసి, నీళ్లు సగం సగం కలిపి, నడుము నొప్పితో విరమించుకున్నాను. గప్పీ, ప్లాటీ, మోలీ చేపలు మన బోరు నీటిలో హాయిగా పెరుగుతాయి. ఎండకు ఆవిరైన మేరకు నింపడానికి మాత్రం ఇప్పటికీ ఆర్వో నీళ్లే పోస్తాను. ఆవిరయ్యేది నీరే, లవణాలు తొట్టెలోనే ఉండిపోతాయి. రోజూ బోరు నీళ్లు పోస్తూ పోతే కొన్నాళ్లకు ఉప్పుకయ్యే.

మొక్కల్లో మొదటి మార్కు వలిస్నేరియాకు వేస్తాను. కఠినమైన నీటిలోని బైకార్బొనేటు నుంచి కూడా కార్బన్ తీసుకోగలదు కాబట్టి కార్బన్ డయాక్సైడ్ గ్యాసు సిలిండరు లేకుండానే రిబ్బన్లలా పెరిగింది, పక్కకు పిలకలు వేసింది. క్రిప్టోకొరైన్ నాటిన పది రోజులకే ఆకులన్నీ జావగారిపోతే కంగారుపడి ఒకటి పీకి పారేశాను. ఓపిక పట్టిన మిగతా రెండూ మొదట్లోంచి మళ్లీ చిగిర్చాయి. చోటు మారితే అది అలా అలుగుతుందట. అనూబియాస్ దుంపను ఇసుకలో పూడ్చి కుళ్లబెట్టుకున్నది కూడా నేనే. దాన్ని రాయికో కర్రకో దారంతో కట్టాలి. ఎర్ర మొక్కల జోలికి మాత్రం వెళ్లవద్దు. ఈ సాదా లైటు కింద నెలలో పాలిపోయాయి.

పొలం కాలువ గట్టున దొరికిన నీటి బ్రాహ్మి కూడా తెచ్చాను. పురుగుమందుల భయంతో వారం రోజులు బకెట్లో నీళ్లు మారుస్తూ ఉంచాకే నాటాను. మొక్క బాగుంది, దాంతో వచ్చిన నత్తలు ఇంకా బాగున్నాయి!

నాచు నా స్వయంకృతం. అందంగా ఉందని లైటు రోజుకు 10 గంటలు వెలిగించాను. గాజంతా పచ్చని బూజు పట్టింది. టైమరు పెట్టి ఆరున్నర గంటలకు కుదించాక, నెలన్నరలో తగ్గుముఖం పట్టింది. తొట్టె మీద పెట్టిన ఖర్చులో అతి తక్కువ దానిదే, అతి ఎక్కువ పని చేసిందీ అదే.

ఇక మే నెల. ఇక్కడ హీటరు అమ్మజూపే వాళ్లను చూస్తే నవ్వొస్తుంది. మొదటి వేసవిలో మా తొట్టె నీళ్లు 34 డిగ్రీలకు చేరాయి. నీటి మీదుగా గాలి కొట్టే చిన్న ఫ్యాను రెండు డిగ్రీలు దించింది, ఉక్కపోత రోజుల్లో అదీ లేదు. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువగా ఉంటుంది. చీకటి పడితే మొక్కలూ దాన్ని పీల్చుకునేవే తప్ప ఇచ్చేవి కావు. ఒక రాత్రి కరెంటు పోయి మూడు గంటలు రాలేదు. సెల్ ఫోను వెలుతురులో చూస్తే చేపలన్నీ పైకి చేరి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. అమ్మ చెంబుతో నీళ్లు తోడి ఎత్తు నుంచి ధారగా పోస్తూ కూర్చుంది, టీ చల్లార్చినట్టు. చేతులు మార్చుకుంటూ ఇద్దరం తెల్లవారుజాము దాకా పోశాం. ఒక్క ప్లాటీ మాత్రమే పోయింది. మరుసటి రోజే బ్యాటరీతో నడిచే గాలి పంపు, స్పాంజి ఫిల్టరు కొన్నాను. కొత్తగా మొదలుపెట్టేవారు లైటు కంటే ముందు దాన్ని కొనాలని నా అభిప్రాయం.

వెనక తగిలించే ఫిల్టరు రెండో ఏడాది నుంచి గరగరమంటోంది. పంకా విప్పి తుడిస్తే రెండు వారాలు ఊరుకుంటుంది. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చడం తప్ప ఇప్పుడు పెద్ద పనేమీ లేదు.

పోయిన నెల చిన్నాన్న మా వలిస్నేరియా పిలకలు ఒక మోపు పట్టుకెళ్లి, వాళ్లింటి ముందు సిమెంటు తొట్టిలో నాటారు. గప్పీలు ఎప్పుడు పంపమంటారని రెండుసార్లు ఫోను చేశాను. నీళ్లకు ఇంకా రంగు రాలేదు, ఆగమంటున్నారు.