దూరపు పరుగా, విరామ పరుగా: మార్టిన్ పైప్ ఎంచుకున్న దారి

ఇంగ్లండ్‌లో అడ్డంకులు దూకే జంప్ పందేలకు గుర్రాలను సిద్ధం చేసే పాతకాలపు ట్రైనర్లు వాటిని వారాల తరబడి రోడ్ల మీద నడిపించి, ఆ తరువాత వారానికి ఒకటి రెండుసార్లు దూరపు గాలప్ (జోరు పరుగు) చేయించేవారు. ఎముకలు, కాలి స్నాయువులు నెమ్మదిగా గట్టిపడే ఆ ఓపికలోని విలువను నేను తక్కువ చేయను. లేత గుర్రానికి నేటికీ అది అవసరమే.

సోమర్సెట్-డెవన్ సరిహద్దులోని నికొలషేన్‌లో ట్రైనర్ మార్టిన్ పైప్ ఎంచుకున్నది విరామ శిక్షణ. గుర్రం పొట్టి ఎత్తు బాటను జోరుగా ఎక్కుతుంది. నడకతో కిందికి దిగుతుంది. ఎగసిపడే ముక్కుపుటాలు కాస్త కుదుటపడగానే మళ్లీ పైకి మళ్లుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు వేగం తగ్గుతుంది కనుక కాళ్లకు దెబ్బ తక్కువ, గుండెకూ ఊపిరితిత్తులకూ పని ఎక్కువ. అలా దిట్టపడిన ఆయన గుర్రాలు మొదటి నుంచే ముందుండి, ప్రత్యర్థులను అలసటకు గురిచేసేవి. 1988-89 సీజన్‌లో 208 విజయాలు, 2006లో విరమించేనాటికి 15 చాంపియన్ ట్రైనర్ బిరుదులు వచ్చాయి. అయితే ఈ కఠిన పద్ధతికి నిత్య పరిశీలన తప్పనిసరి. అందుకే ఆయన తన శాలలోనే రక్తపరీక్షల ల్యాబ్ నడిపారు. ఆ నిఘా పెట్టలేని ట్రైనర్‌కు పాత పద్ధతే క్షేమమని నా అభిప్రాయం.