అంగన్‌వాడీ ఆయా పది పాసయింది: ఎన్‌ఐఓఎస్‌కు అయిదుకు నాలుగు స్టార్లు

సూర్యాపేట దగ్గర ఒక ఊళ్లె అంగన్‌వాడీ ఆయాగా చేస్తున్న. పదిల లెక్కలు తప్పి చదువు వదిలేసి ఇరవై ఏండ్లయింది. అంగన్‌వాడీ టీచర్ కావాలంటే ముందుగాల పది ఉండాలె. అందుకే ఎన్‌ఐఓఎస్‌ల, అంటే రోజూ బడికి పోకుండ ఇంటికాడ చదివి పరీక్ష రాసే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థల చేరిన.

లెక్కలు తీసుకోకున్నా పది పాసు కావచ్చని తెలిసిననాడే ఫీజు కట్టిన. అయిదు సబ్జెక్టులు, అందుల ఒక భాష ఉండాలె, మిగతాయి మన ఇష్టం. నేను తెలుగు, సోషల్, హోం సైన్స్, ఇంకో రెండు తీసుకున్న. హోం సైన్స్‌ల పోషకాహారం పాఠం చదువుతుంటే నవ్వొచ్చింది. పొద్దున లేస్తే నా పనే అది, గుడ్లు ఉడకబెట్టుడు, పిల్లల బరువు చూసుడు. పరీక్షల అదే రాసిన, మంచి మార్కులే పడ్డయి.

సోషల్ మాత్రం ఏప్రిల్‌ల పోయింది. పాసు మార్కు 33, నాకు రాలే. అయినా పాసయినవి జమ ఉంటయి, పోయినదొక్కటే మళ్లీ రాయాలె. అయిదేండ్లల తొమ్మిదిసార్లు రాసుకోవచ్చు. నాకు అక్టోబర్‌ల అయిపోయింది.

ఒక స్టార్ కోసింది మా స్టడీ సెంటర్‌కు. పేరెందుకుగానీ, ఆదివారం క్లాసని బస్సెక్కి పోతే రెండుసార్లు తాళమే ఉన్నది. టీఎంఏ అని ఇంటికాడ రాసిచ్చే అసైన్‌మెంట్లుంటయి, 20 శాతం మార్కులు వాటివే. "రాయకున్నా నడుస్తదమ్మా, ఎంతో కొంత ఇయ్యి" అన్నడు అక్కడి సార్. నేను పైసలియ్యలే, రాసుకునే పోయిన. గోడల మీద "గ్యారంటీ పాస్" అని నంబర్లు రాసేటోళ్ల జోలికి కూడ పోకండి. అడ్మిషన్ వెబ్‌సైట్‌ల మనమే తీసుకోవచ్చు, నాకు మా బిడ్డ చేసిచ్చింది.

పది రాయాలంటే 14 ఏండ్లు నిండాలె. దానికంటే కింద మూడు, అయిదు, ఎనిమిది తరగతులకు సమానంగా ఎ, బి, సి లెవెల్స్ ఉన్నయి. పైన ఇంటర్ ఉన్నది. డిగ్రీకి మన హైదరాబాద్‌ల 1982ల పెట్టిన అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉండనే ఉన్నది. ఇంటికాడుండి చదవలేనిది నేను పనిచేసే అంగన్‌వాడీ ఒక్కటే!

ఇప్పుడు ఇంటర్‌కు కట్టిన. మళ్లీ ఏప్రిల్ పరీక్షలే. రాసేటోళ్లు నీళ్ల సీసా మరువకండి, పోయినసారి మా హాల్‌ల ఫ్యాన్ తిరగలే.