చెక్క విల్లు ఆన్‌లైన్‌లో కొంటున్నారా? డబ్బు కట్టే ముందు కొనలు చూడండి

చేత్తో చేసిన చెక్క విల్లులు ఆన్‌లైన్‌లో అమ్మే ఒకాయన దగ్గర కొని నష్టపోయాను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. అయినా ఇలాంటి సరుకు అమ్మేది ఆయనొక్కడే కాదు. ముఖ్యంగా పిల్లల కోసం కొనే తల్లిదండ్రులు దీన్ని దయచేసి పూర్తిగా చదవండి.

నేను కొన్నది ఒకే కర్రలోంచి చెక్కిన లాంగ్‌బో. 28 అంగుళాలు లాగితే 40 పౌండ్ల బలం అని రాశారు. పిడికి తోలు చుట్టి, ఒళ్ళంతా వార్నిష్ కొట్టి, ఫొటోల్లో ముచ్చటగా ఉంది. కొనలు దగ్గరగా తీసి పంపమని అడిగితే "చాలా మంది తీసుకున్నారండి, టెన్షన్ పడకండి" అంటూ మళ్ళీ పిడి ఫొటోలే పంపారు.

వాడడం మొదలుపెట్టిన కొద్ది రోజులకే కొన దగ్గర కోసిన గాడిలో నారి ఉచ్చు కూర్చునే చోట పోగులు తెగడం కనిపించింది. కొత్త నారి వేశాం. ఆ తర్వాత ఒక సాయంత్రం నారి ఎక్కించి బ్రేస్ హైట్ (పిడికీ నారికీ మధ్య దూరం) కొలుస్తుండగా పై కొన గాడి దగ్గర చీలిపోయింది. పూర్తిగా లాగి పట్టుకున్నప్పుడు జరిగి ఉంటే ఆ ముక్క కంట్లో పడేది. తలచుకుంటే ఇప్పటికీ భయమేస్తోంది.

చీలిన చోట వార్నిష్ ఊడాక అసలు సంగతి బయటపడింది. గాడిని పక్కల నుంచి కాకుండా, లక్ష్యం వైపు ఉండే ముఖం మీద అడ్డంగా రంపంతో కోసేశారు. లోతు ఎక్కువైపోతే రంపపు పొట్టు, జిగురు కలిపి పూడ్చి, పైన వార్నిష్ కొట్టారు. ఇది అజాగ్రత్త కాదు, లోపాన్ని కప్పిపెట్టి అమ్మడం.

విల్లు వంగినప్పుడు లక్ష్యం వైపు ముఖం సాగుతుంది, మన వైపు ముఖం నొక్కుకుంటుంది. సాగే వైపు పీచు కొన దాకా తెగకుండా ఉండాలి. అడ్డంగా కోస్తే ఆ పీచు తెగినట్టే. కొన దగ్గర వంపు తక్కువే, కానీ బాణం వదిలాక నారి ఒక్కసారిగా బిగుసుకుని ఆగే దెబ్బ పడేది సరిగ్గా అక్కడే. అందుకే ఒంటి కర్ర విల్లుకు గాడులు రెండు పక్కల నుంచి, నారి పోయే దిశకు తగ్గట్టు ఏటవాలుగా తీస్తారు. సుమారు 3 మిల్లీమీటర్ల లోతు సరిపోతుంది. గుండ్రటి సన్న ఆకురాయితో తీసి, అంచులన్నీ గరుకు కాగితంతో నున్నగా రుద్దాలి. అడ్డగాడి కావాలనుకుంటే ముందు కొన మీద గేదె కొమ్మో గట్టి చెక్కో అతికించి, గాడిని ఆ అతుకులోనే తీయాలి. ఇంగ్లండ్‌లో 1545లో మునిగి, 1982లో పైకి తీసిన మేరీ రోజ్ ఓడలో వందకు పైగా లాంగ్‌బోలు దొరికాయి. వాటి కొనలకు కొమ్ము తొడుగులు ఉండేవని చెక్క మీద మిగిలిన రంగు తేడాను బట్టి తెలుసుకున్నారు. ఆ తొడుగు అలంకారానికి పెట్టింది కాదు.

వెదురు విల్లు కొనేవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. ఇండియన్ రౌండ్ (వెదురు విల్లుతో ఆడే విలువిద్య పోటీ విభాగం) నేర్చుకునే పిల్లలకు మనం కొనేది అదే కదా. వెదురులో గట్టి పీచు ఎక్కువగా పై తొక్క దగ్గరే ఉంటుంది. ఆ తొక్క మీద అడ్డంగా కోత కనిపిస్తే ఎంత తక్కువ ధరకిచ్చినా వద్దు.

ఇంకో అన్యాయం ఏమిటంటే, కొనలకు ఏ బలమూ లేని విల్లుతో సాగని రకం నారి పంపారు. ఫాస్ట్ ఫ్లైట్ లాంటి నారులు దాదాపు సాగవు, బలపరచని కొనలోకి కోసుకుపోతాయి. డాక్రాన్ అనే పాలిస్టర్ నారి కొంచెం సాగి దెబ్బను తగ్గిస్తుంది. విల్లుకు ఏ నారి వేయాలో చెప్పలేని తయారీదారును నమ్మకండి.

"జింక కొమ్ముతో చేసిన కొనలు" అని గొప్పగా రాస్తే అసలు జోలికి పోకండి. జింక కొమ్ముల వ్యాపారం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అడవిలో రాలినవి ఏరుకొచ్చామని చెప్పినా కొనకండి.

డబ్బు కట్టే ముందు రెండు కొనలనూ ముందు, వెనక, పక్క నుంచి దగ్గరగా తీసిన ఫొటోలు, నారి ఎక్కించాక నిలువుగా తీసిన ఒక ఫొటో అడగండి. నారి పిడి మధ్యగా పోవాలి. రెండు పక్కల గాడులు ఒకే ఎత్తులో లేకపోతే ఉచ్చు ఒరిగి, లింబ్ (పిడికి పైనా కిందా వంగే భాగం) మెలి తిరుగుతుంది. కొనలు మరీ మొద్దుగా ఉన్నా మంచిది కాదు. విల్లులో అన్నిటికంటే వేగంగా కదిలేది కొనే కాబట్టి అక్కడి అదనపు బరువు బాణం వేగాన్ని తగ్గించి చేతికి అదురు ఇస్తుంది. నారి ఉన్న ఫొటో పంపనంటే వదిలేయండి.

పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. గాడి చుట్టూ కొంచెం దూది తిప్పండి, ఎక్కడ పట్టుకుంటే అక్కడ అంచు పదునుగా ఉన్నట్టు. అదే పదును నారిని కోస్తుంది. గాడి అడుగున రంగు తేడా, పుట్టీ లాంటి మరక ఉంటే నారి ఎక్కించకుండానే వెనక్కి పంపండి. లోపం లేదని తేలాక స్ట్రింగర్‌తో (విల్లును వంచి నారి తగిలించడానికి వాడే తాడు) మాత్రమే నారి ఎక్కించండి.

మా అమ్మకందారు చెప్పిన జవాబు, "బాణం లేకుండా నారి వదిలి ఉంటారు, అందుకే విరిగింది" అని. మేం ఎప్పుడూ అలా వదల్లేదు. వదిలినా గాడిలో పుట్టీ ఎలా వస్తుంది? ఆ ఫొటోలు పంపాక ఫోన్ ఎత్తడం మానేశారు. మీకూ ఇలాగే జరిగితే విరిగిన ముక్కలు పారేయకండి, జిగురు పెట్టి అతికించకండి. బిల్లు, చాట్, వీడియో దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. నేను చేసింది అదే. ఎవరైనా కొనబోయే ముందు కొనల ఫొటోలు ఇక్కడ పెడితే నాకు తెలిసినంత వరకు చూసి చెబుతాను.