తుపాకీ సేఫ్‌కి డయలా, కీప్యాడా, వేలిముద్రా: ఏది మేలు?

టెక్సస్‌లో మనవాళ్లు తుపాకీ కొనడం ఇప్పుడు వింతేమీ కాదు. సేఫ్ కొనేటప్పుడు మాత్రం చాలామంది దొంగ గురించే ఆలోచిస్తారు. ముందు ఆలోచించాల్సింది ఇంట్లో పిల్లల గురించి. పెద్దల అజాగ్రత్త వల్ల, గుండ్లు నింపి ఉన్న తుపాకీ 17 ఏళ్లలోపు పిల్లల చేతికి చిక్కితే అక్కడి చట్టం ప్రకారం అది నేరం. అందుకే నేను ఏ తాళాన్నైనా అడిగేది ఒక్కటే: ఇది పిల్లల్ని ఆపుతుందా?

వేలిముద్ర తాళం చూడగానే నచ్చుతుంది. అర్ధరాత్రి చీకట్లో వేలు పెడితే చాలు, పెట్టె తెరుచుకుంటుంది. కానీ 2023 అక్టోబర్‌లో అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ ఫోర్ట్రెస్ కంపెనీ వేలిముద్ర సేఫ్‌లను సుమారు 61,000 వెనక్కి పిలిపించింది. అలాంటి సేఫ్‌లోంచి తీసిన తుపాకీ వల్ల 12 ఏళ్ల బాబు చనిపోయాడని ఆరోపిస్తూ వేసిన దావా సంగతి ఆ ప్రకటనలోనే ఉంది. లోపం ఎక్కడంటే, వేలిముద్ర సరిగ్గా నమోదు కాకపోతే ఆ తాళం ఎవరి వేలికైనా తెరుచుకుంటుంది. యజమాని వేలు పెట్టినప్పుడూ తెరుచుకుంటుంది కాబట్టి అంతా బాగానే ఉందనుకుంటాడు. తాళం పనిచేయట్లేదని మామూలు వాడకంలో తెలిసే దారే లేదు. ఇప్పటికే ఇలాంటిది ఇంట్లో ఉంటే, నమోదు చేయని వేలు పెట్టి ఈరోజే పరీక్షించండి.

కీప్యాడ్ దీనికంటే నయం. కోడ్ మనమే మార్చుకోవచ్చు, క్షణాల్లో తెరుచుకుంటుంది. చాలావాటిలో 9 వోల్టుల బ్యాటరీ బయటి నుంచే మార్చుకోవచ్చు, బ్యాటరీ అయిపోయినా కోడ్ చెరిగిపోదు. వరసగా తప్పు కోడ్ కొడితే కాసేపు మొరాయిస్తుంది, అది మంచిదే. అయితే మీటల్ని ఓసారి పక్కనుంచి లైటు వేసి చూడండి. రోజూ నొక్కే అంకెల మీద జిడ్డు మెరుస్తుంటుంది. ఆ నాలుగు అంకెలూ తెలిస్తే, నాలుగంకెల కోడ్‌కి మిగిలేవి 24 వరసలే. మీటల్ని తుడుస్తుండాలి, కోడ్ ఆరంకెలు పెట్టుకోవాలి. పిల్లల పుట్టినరోజు మాత్రం వద్దు, అది వాళ్లకే ముందు తడుతుంది.

అంకెలున్న చక్రాన్ని తిప్పి తెరిచే డయల్ తాళానికి బ్యాటరీ అక్కర్లేదు, సర్క్యూట్ ఉండదు, దశాబ్దాలు నడుస్తుంది. సాధారణంగా ఎడమకి తిప్పుతూ మొదటి అంకె నాలుగోసారి వచ్చినప్పుడు ఆగాలి, కుడికి రెండో అంకె మూడోసారి, మళ్లీ ఎడమకి మూడో అంకె రెండోసారి, చివరికి కుడికి ఆగేదాకా. కాస్త దాటిపోతే మళ్లీ మొదటికి. ఈ నిదానమే నాకు ఇష్టం. మూసిన ప్రతిసారీ డయల్‌ని కొన్ని చుట్లు గిరగిరా తిప్పి వదలాలి. చివరి అంకె దగ్గరే ఆపేసి వెళ్తే, పిల్లాడు ఆటగా కొంచెం తిప్పినా తలుపు వచ్చేస్తుంది. కోడ్ మార్చడానికి మాత్రం సాధారణంగా తాళాలవాణ్ణి పిలవాల్సిందే.

అందుకని షాట్‌గన్, రైఫిల్ ఉంచే పెద్ద సేఫ్‌కి డయలే నా ఓటు. మంచం దగ్గర పిస్టల్ పెట్టెకి బ్యాటరీ లేని మీటల తాళం దొరికితే అది, లేదంటే కీప్యాడ్. వేలిముద్ర ఒక్కదాన్నే నమ్ముకున్న పెట్టె ఎంత చవగ్గా వచ్చినా నేను కొనను.

చిన్న పెట్టెలకి అత్యవసరానికని ఒక తాళంచెవి కూడా ఇస్తారు. అసలు చిక్కు అక్కడే. బీరువా తాళం చీరల మడతల్లో దాచే అలవాటు మనది, ఆ చోటు తెలియని పిల్లలు ఏ ఇంట్లోనూ ఉండరు. ఆ చెవిని ఆఫీసులోనో, పెద్ద సేఫ్ లోపలో పెట్టండి.

ఇక రేకు సంగతి. రేకు మందాన్ని చెప్పే గేజ్ అంకె తగ్గేకొద్దీ మందం పెరుగుతుంది, 14 కంటే 12, దానికంటే 10 మేలు. ఎంత బరువున్నా కింది కాంక్రీటుకి బోల్టులు బిగించాల్సిందే. బిగించాక తలుపు తెరిచి ఉంచి కోడ్ రెండు మూడుసార్లు తిప్పి చూసుకోండి. కోడ్ తప్పైతే తలుపు మూశాక తెలిసి లాభం లేదు.