జాగ్రత్త: ‘ఒరిజినల్ సౌండ్‌ట్రాక్’ పేరుతో అమ్ముతున్న ఆ పచ్చ పెట్టెను కొనకండి

విజయనగరంలో ఇప్పటికీ సీడీలు, క్యాసెట్లు కొని దాచుకునే మిత్రులందరికీ ఈ హెచ్చరిక. గంటస్తంభం సమీపంలో మనమందరం ఏళ్ల తరబడి వెళ్తున్న ఆ పాత సీడీల దుకాణంలో, ‘పిల్లల కామెడీ సినిమాల పాప్ హిట్లు – ఒరిజినల్ సౌండ్‌ట్రాక్’ అన్న పేరుతో నాలుగు డిస్కులున్న పచ్చ రంగు పెట్టె ఒకటి 1,800 రూపాయలకు అమ్ముతున్నారు. దయచేసి కొనకండి. అందులో నేను విన్న ఏ ఒక్క పాటా సినిమాలో పాడినవారి గొంతుతో లేదు. దుకాణం పేరు నేను రాయడం లేదు; ఇది చదువుతున్న వారిలో సగం మందికి ఆ యజమాని పేరే కాదు, ఆయన ఏ పూట ఏ హోటల్ నుంచి టీ తెప్పించుకుంటాడో కూడా తెలుసు.

వివరంగా చెప్పే ఓపిక ఇప్పుడు లేదు కనుక క్లుప్తంగా చెబుతాను. మా పాప పుట్టినరోజు వచ్చింది. దానికి ‘ష్రెక్’ సినిమా అంటే ప్రాణం. ఇంట్లో పిల్లల చేతికి ఫోన్ ఇవ్వకూడదని మేము పెట్టుకున్న నియమం వల్ల పాటలన్నీ పాత సీడీ ప్లేయర్‌లోనే వింటారు. ఆ సినిమా ఆల్బమ్ ఎక్కడైనా దొరుకుతుందా అని ఆ దుకాణం యజమానికి ఫోన్ చేస్తే, అదొక్కటే కాదు, అలాంటి సినిమాల పాటలన్నీ కలిపిన సెట్ ఉందని, అసలు సిసలు కంపెనీ సరుకని, ఒకటే మిగిలిందని, ముందుగా డబ్బు పంపిస్తే పక్కన పెడతానని చెప్పాడు. మాట పూర్తయ్యేలోపే డబ్బు పంపించిన మహానుభావుణ్ణి నేను.

ఆ సినిమా చూసినవారికి మొదటి పాట ఎలా మొదలవుతుందో గుర్తుండే ఉంటుంది. 2001లో వచ్చిన ఆ చిత్రం ఆరంభంలో, బురదలో స్నానం చేసే ఆ పచ్చని భూతం మీద స్మాష్ మౌత్ బృందం పాడిన ‘ఆల్ స్టార్’ వస్తుంది. ముందు గొంతు ఒక్కటే, ఏ తోడూ లేకుండా మొదటి మాటను అందుకుంటుంది. వాద్యాలు ఆ తర్వాతే వచ్చి కలుస్తాయి. ఆ ఒక్క మాట వినబడగానే పిల్లలు ఎక్కడున్నా పరుగెత్తుకొస్తారు. మేము కొన్న డిస్కులో మాత్రం ముందుగా పెళ్లి ఆర్కెస్ట్రాలో వాయించే కీబోర్డు మీద నాలుగు మెట్లు టింగుటింగుమని మోగాయి, ఆ తర్వాత ఎవరో పెద్దమనిషి, బహుశా మధ్యాహ్నం భోజనం చేసి నేరుగా స్టూడియోకు వచ్చినవాడు, పాటను తాపీగా చదివి వినిపించాడు. పాప ప్లేయర్ వైపు, నా వైపు మార్చి మార్చి చూసి, ‘నాన్నా, ఇది వాళ్లు కాదు’ అంది. మిగిలిన పాటలు వినాల్సిన పని దానికి లేకపోయింది.

నేను మాత్రం విన్నాను, ఎందుకంటే డబ్బు పెట్టింది నేను. ‘మడగాస్కర్’ పాట ఉంది. 2005 నాటి ఆ సినిమాలో ‘ఐ లైక్ టు మూవ్ ఇట్’ను లెమూర్ల రాజు పాత్రకు గొంతు ఇచ్చిన సచా బారన్ కోహెన్ స్వయంగా, ఆ వింత యాసతో పాడాడు. 1993లో రీల్ 2 రియల్ బృందం డాన్సు హాళ్ల కోసం చేసిన పాట అది; పిల్లలకు నవ్వు తెప్పించింది పాట కాదు, ఆ రాజుగారి బడాయి యాస. ఇందులో పాడినవాడు యాస పెట్టలేదు, బడాయి పెట్టలేదు, కనీసం ఊపిరి కూడా సరిగ్గా పెట్టలేదు. ‘డెస్పికబుల్ మీ 2’ కోసం ఫారెల్ విలియమ్స్ 2013లో పాడిన ‘హ్యాపీ’ కూడా ఉంది. అతని పలుచని పైస్థాయి గొంతును అనుకరించబోయి గాయకుడు పడిన అవస్థ వింటే ఆ పాట పేరు మార్చాలనిపించింది.

ఇలాంటి సినిమాల్లో పాప్ పాట కేవలం నేపథ్యానికి పెట్టేది కాదని, అందువల్లే గొంతు మారితే అంతా పోతుందని ఆ వ్యాపారికి తెలియదనుకోను. మన సినిమాల్లోలాగా ఆ పాటలన్నీ కథ కోసం కొత్తగా కట్టినవి కావు. చాలావరకు అప్పటికే రేడియోలో మోగి అందరికీ తెలిసిన పాటల్ని తెచ్చి, ఒక వెక్కిరింత సన్నివేశం మీద పెడతారు. పక్కన కూర్చున్న తల్లిదండ్రులు ఆ పాటను గుర్తుపట్టి నవ్వితే, పిల్లలు ఆ బొమ్మ చేష్టలకు నవ్వుతారు. గుర్తుపట్టడానికి రెండు సెకన్లు చాలాలి, ఆ రెండు సెకన్ల పని చేసేది గొంతే. అందుకే నిర్మాతలు పాట రాసి, స్వరం కట్టినవారి హక్కుకు ఒక అనుమతి, ఆ ఫలానా రికార్డింగు హక్కుకు వేరే అనుమతి తీసుకుని, రెండింటికీ డబ్బు చెల్లిస్తారు. చవక సెట్లు తయారుచేసేవారు ఆ రెండో ఖర్చు తప్పించుకోవడానికే ఎవరి చేతనో మళ్లీ పాడిస్తారు. చవకగా పాడించి, చవకగా అమ్మితే నాకు అభ్యంతరం లేదు. సోనా మసూరి బస్తాలో రేషన్ బియ్యం నింపి మూతి కుట్టినట్టు అమ్మడమే అభ్యంతరం.

ఇక అసలు సంగతి. పెట్టె వెనుక వైపు, కింది కుడి మూలలో, దుకాణంవారి ధర స్టిక్కర్ అంటించి ఉంది. పసుపు రంగు కాగితం, నాలుగు అంచులూ బిగించి, గాలి బుడగ కూడా లేకుండా అతి శ్రద్ధగా అంటించారు. ఆయన దుకాణంలో నేను కొన్న మరే సీడీ మీదా ఇంత శ్రద్ధ చూడలేదు. మిగతావాటి మీద స్టిక్కర్ ముందు వైపు, వంకరగా, సగం ఊడిపోయి ఉంటుంది. అనుమానం వచ్చి గోటితో అంచు లేపి మెల్లగా లాగాను. కింద బూడిద రంగులో, ఆవగింజంత అక్షరాలతో ఒక ఇంగ్లీషు వాక్యం బయటపడింది: ఈ పాటలను పాడినది అసలు కళాకారులు కారు. నేను డబ్బు పోయినప్పుడు పడిన బాధకన్నా ఆ స్టిక్కర్ ఊడివచ్చినప్పుడు పడిన బాధ ఎక్కువ. పెట్టె తయారుచేసినవాడు కనీసం మూలనైనా నిజం అచ్చు వేశాడు. దాన్ని కప్పినవాడు మాత్రం ఇన్నేళ్లుగా నాతో మాట కలుపుతున్న మనిషి.

మర్నాడు పెట్టె తీసుకుని దుకాణానికి వెళ్లాను. ఆ సమయంలో అక్కడ మరో ఇద్దరు కొనుగోలుదారులున్నారు. నేను గట్టిగా మాట్లాడలేదు, స్టిక్కర్ తీసిన చోటు చూపించి ఇదేమిటని మాత్రం అడిగాను. ఆయన పెట్టె వైపు చూడనైనా చూడకుండా, ‘ధర కాగితం ఎక్కడో ఓ కాడ అంటించాలి కదండీ మేస్టారూ’ అన్నాడు. సరే, పాటలు అసలువి కావు కదా అంటే, పక్కవాళ్లను చూసి నవ్వుతూ, ‘ఏటండీ, చిన్నపిల్లలకి గొంతులేటి తెలుస్తాయండి? ఆళ్లు ఎగరడానికే కదా పాట’ అన్నాడు. ఆ ఇద్దరిలో ఒకాయన కూడా నవ్వాడు. నా కూతురు మొదటి మెట్టుకే పట్టేసిన మోసాన్ని నాకు పిల్లల తెలివితక్కువతనంగా చూపించి, నన్ను నలుగురిలో నవ్వులపాలు చేసిన ఆ క్షణం గుర్తొస్తే ఇది రాస్తున్నప్పుడు కూడా చేతులు వణుకుతున్నాయి.

అక్కడితో ఆగలేదు. తనకూ విషయం తెలుసని చూపించాలనుకున్నాడు కాబోలు, ‘ఆ సినిమాలో చివరన వచ్చే ‘ఐ యామ్ ఎ బిలీవర్’ మాత్రం అసలుదేటండీ? అది మంకీస్ వాళ్ల పాట, వీళ్లు మళ్లీ పాడలేదా?’ అన్నాడు. నిజమే. నీల్ డైమండ్ రాయగా 1966లో మంకీస్ పాడిన పాట అది. ‘ష్రెక్’ కోసం స్మాష్ మౌత్ మళ్లీ పాడింది. కానీ ఆ విషయం ఆల్బమ్ అట్ట మీద పాడినవారి పేరుతో సహా ఉంది, ఎవరూ దాని మీద పసుపు కాగితం అంటించలేదు. ఇంకా చెప్పాలంటే ఆయనకు తెలియని ఉదాహరణ నాకే తెలుసు. అదే సినిమాలో ‘హల్లెలూయా’ వినిపించేది జాన్ కేల్ గొంతుతో. కంపెనీవారు విడుదల చేసిన ఆల్బమ్‌లో ఉన్నది రూఫస్ వెయిన్‌రైట్ పాడినది. సినిమాలో విన్నది ఆల్బమ్‌లో లేదని అప్పట్లో చిన్నబుచ్చుకున్నవారున్నారు, నేనూ వారిలో ఒకణ్ణి. అయినా వెయిన్‌రైట్ పేరు స్పష్టంగా అచ్చయి ఉంది కనుక దానిని మోసమనలేదు. గొంతు మారడం వేరు, మారిన గొంతును దాచడం వేరు. ఈ తేడా ఆయనకు చెప్పబోతే, ఇంకో గిరాకీ వచ్చిందని అటు తిరిగిపోయాడు.

ఏ ఊళ్లో అన్నాడండీ ఈ మాట? 1919లోనే సంగీత కళాశాల పెట్టుకుని, ఆదిభట్ల నారాయణదాసుగారిని తొలి అధ్యక్షుడిగా కూర్చోబెట్టుకున్న ఊళ్లో. ఘంటసాల, సుశీల చదువుకున్న కళాశాలకు కూతవేటు దూరంలో నిలబడి, గొంతు ఎవరిదైతే ఏమిటని అడిగాడు. ఘంటసాల పాటలని అట్ట మీద వేసి, లోపల ఇంకెవరి చేతనో పాడించిన క్యాసెట్టును ఇదే మనిషి తన తండ్రికి అమ్మగలడా? ఇంగ్లీషు పాట, అందులోనూ పిల్లల సినిమా పాట కాబట్టి ఎవరికీ పట్టదన్న ధీమా ఆయనది.

ఇంటికొచ్చి చట్టం చూశాను. మన కాపీరైట్ చట్టంలో 2012 సవరణ ద్వారా చేర్చిన 31సి సెక్షన్ ఇలా మళ్లీ పాడించే కవర్ వెర్షన్ల గురించే. అసలు రికార్డింగు వచ్చిన సంవత్సరం ముగిశాక ఐదు క్యాలెండర్ సంవత్సరాలు గడిచాకే అలాంటిది చేయాలి. అట్ట కొనేవారిని తికమక పెట్టేలా ఉండకూడదు. పాత రికార్డింగులో పాడినవారి పేరుగానీ, బొమ్మగానీ, ఆ పాట ఉన్న సినిమా బొమ్మగానీ ఉండకూడదు. ఇది కవర్ వెర్షన్ అని అట్ట మీదే చెప్పాలి. అదే చట్టంలోని 52ఎ సెక్షన్ ప్రకారం రికార్డింగు చేసినవారి పేరు, చిరునామా, హక్కుదారు పేరు, మొదట వెలువడిన సంవత్సరం అట్ట మీద తప్పనిసరిగా ఉండాలి. మా పచ్చ పెట్టె మీద ‘మేడ్ ఇన్ ఇండియా’ అన్న ముద్ర ఉంది, చెవులు పెద్దవైన పచ్చని బొమ్మ ఒకటి నవ్వుతూ ఉంది, చిరునామా మాత్రం వెతికినా లేదు. ‘ఒరిజినల్’ అన్న మాట మాత్రం ముందు, వెనుక, పక్కన, మూడు చోట్లా బంగారు రంగులో ఉంది.

డబ్బు తిరిగి ఇవ్వమన్నాను. సీలు విప్పిన సరుకు వాపసు తీసుకోనన్నాడు. సీలు విప్పకుండా పాట ఎలా వినాలో మాత్రం చెప్పలేదు. చివరకు నా మీద జాలిపడి, ఇంకో రెండు వందలు ఇస్తే ఆ అసలు పాటలన్నీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇస్తానన్నాడు. ఒక మోసానికి నష్టపరిహారంగా దొంగ కాపీ! అసలు పాటలు ఆయన కంప్యూటర్‌లో ఉన్నాయన్నమాట, అంటే ఏది అసలో ఏది కాదో ఆయనకు మొదటి నుంచీ తెలుసన్నమాట.

రసీదు అడిగితే చేతిరాత చీటీ ఇచ్చాడు, దాని మీద ‘సీడీ సెట్ 1’ అని తప్ప ఏమీ లేదు. ఫోన్‌లో డబ్బు పంపిన ఆధారం, స్టిక్కర్ తీయకముందు పాప పుట్టినరోజు ఫొటోలో పెట్టె వెనుక వైపు పడిన దృశ్యం నా దగ్గరున్నాయి. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ఐదు లక్షల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు కూడా లేదు.

కొనేవారికి చెప్పేది రెండు మాటలే. అట్ట వెనుక ప్రతి పాట పక్కనా పాడినవారి పేరు ఉందో లేదో చూడండి, లేకపోతే అది సినిమాలోని పాట కాదేమోనని అనుమానించండి. ధర స్టిక్కర్ వెనుక వైపు ఉంటే దుకాణంలోనే, యజమాని ముందే పీకించి చూడండి. శ్రీకాకుళంలో కూడా ఇదే పెట్టె కనబడిందని ఒక మిత్రుడు ఇప్పుడే చెప్పాడు కనుక, అక్కడివారు గానీ ఇక్కడివారు గానీ ఎవరైనా ఇప్పటికే కొని ఉంటే పెట్టెను పారేయకుండా, స్టిక్కర్ ఉన్నప్పుడు ఒకటి, తీశాక ఒకటి ఫొటో తీసి నాకు పంపించండి. నా ఫిర్యాదుతో పాటు మీది కూడా జతచేస్తాను.