3 లక్షల కిలోమీటర్ల బొలేరోతో మారేడుమిల్లి, బస్తర్, కోరాపుట్, అరకు

నా బొలేరో క్యాంపర్, అంటే వెనక సామాను తొట్టి ఉన్న పికప్ బండి, 2011 మోడల్, మీటరు 3,12,000 దాటింది. మామూలుగా దాని పని తణుకు చుట్టుపక్కల కొబ్బరికాయలు, ఎరువు బస్తాలు మోయడం. మొన్న డిసెంబర్‌లో అదే బండి వేసుకుని నేనూ మా బావమరిదీ మారేడుమిల్లి మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్, అక్కణ్నుంచి ఒడిశాలోని జయపురం, కోరాపుట్, ఆపైన అరకు చుట్టి వచ్చాం. ఆరు రోజులు, 1,100 కిలోమీటర్ల పైచిలుకు. కారు అద్దెకు తీసుకోవచ్చు కదా అని అందరూ అన్నారు. నిజమే, కానీ ఈ బండికి ఏం జబ్బు ఉందో నాకు తెలుసు, అద్దె కారు సంగతి తెలీదు.

వెళ్లేముందు రెండు రోజులు షెడ్డులో పెట్టించాను. ఫ్యాన్ బెల్టు, కూలెంట్, బ్రేకులు, గ్రీజు అన్నీ అయ్యాయి. రేడియేటర్ హోస్ పైపులు "బానే ఉన్నాయండీ" అన్నాడు మెకానిక్, నేనూ సరే అన్నాను. సరే అనకుండా ఉండాల్సింది. ఖాళీ పికప్ వెనక కమాన్ పట్టీల (బరువు మోసే ఇనుప స్ప్రింగు పట్టీల) మీద గంతులేస్తుంది కాబట్టి తొట్టిలో నాలుగు ఇసుక బస్తాలు వేసి పైన పట్టా కట్టాం. మొత్తం బరువు 3,000 కిలోల లోపు ఉండే గూడ్సు బండికి పర్మిట్ అక్కర్లేదు, కానీ ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాలు పక్కాగా ఉండాలి, పసుపు బోర్డు (రవాణా బండి నంబరు ప్లేటు) కనిపిస్తే ఆపడం ఖాయం.

మారేడుమిల్లిలో బొంగు చికెన్ గురించి కొత్తగా చెప్పేదేముంది, ఆదివారం వెళ్తే మాత్రం జనంలో తినాలి. మేం దిగిన గది మామూలుదే, దుప్పట్లు పలచన, అయినా ముందు వాలుగా జాగా ఉంది. మా బండికి చలిపొద్దున సెల్ఫ్ మొరాయించే అలవాటు ఉంది, వాలులో పెట్టుకుంటే రెండో గేరులో లాగించేయొచ్చు. గది కంటే ముందు నేను చూసేది అదే. బావమరిది మాత్రం గీజరు చూస్తాడు.

చింతూరు దాకా ఘాట్ ఇరుకు, మలుపులు ఎక్కువ, అడవి మాత్రం కళ్లు తిప్పనివ్వదు. చింతూరు దగ్గర 30వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే కుంట, సుక్మా మీదుగా నేరుగా జగదల్‌పూర్. దారంతా భద్రతా బలగాల క్యాంపులు, పగలే దాటేయడం మేలు. ఒక చోట జవాను పట్టా ఎత్తి చూసి, గోదావరి ఇసుక బస్తర్‌కి ఎందుకు తీసుకెళ్తున్నారని అడిగాడు. మాకొచ్చిన హిందీలో కమాన్ పట్టీల సంగతి వివరించేసరికి పావుగంట పట్టింది.

చిత్రకోట్ జలపాతం దగ్గరే టూరిజం వాళ్ల రిసార్టు ఉంది, కిటికీలోంచి ఇంద్రావతి కనిపిస్తుందంటే బావమరిది మనసు పడ్డాడు. నేను ఒప్పుకోలేదు. జగదల్‌పూర్‌లో బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాం, 1,100 రూపాయలు, రాత్రంతా హారన్లు, కానీ సందు చివర షెడ్డులే. చిత్రకోట్ అక్కణ్నుంచి 40 కిలోమీటర్ల లోపే. దాదాపు 29 మీటర్ల ఎత్తు నుంచి గుర్రపు నాడా ఆకారంలో పడుతుంది, డిసెంబర్‌లో మాత్రం నాడా మధ్యలో రాళ్లు కనిపిస్తాయి. నిండుగా చూడాలంటే వానాకాలం రావాలి, అప్పుడు నీళ్లు ఎర్రగా ఉంటాయి. నాకైతే తీరథ్‌గఢ్ ఎక్కువ నచ్చింది, మెట్లు మెట్లుగా జారే నీళ్లు, మోకాళ్లు బాగుంటేనే దిగండి.

జయపురం దాటి కోరాపుట్ ఘాట్ ఎక్కుతుంటే ఇంజిన్ వేడి చూపే సూది ఎర్ర గీతకు వెళ్లింది, బానెట్ కింద నుంచి ఆవిరి. రేడియేటర్ పై హోస్ పైపు చీలింది. "బావా, ఇప్పుడే మూత తియ్యకు" అని బావమరిది చెయ్యి పట్టుకుని ఆపాడు, లేకపోతే టెన్షన్‌లో మొహం కాల్చుకునేవాణ్ని. అరగంట ఆగి, కిందికి వెళ్తున్న బైకు మీద జయపురం కబురు పంపిస్తే మెకానిక్ పైపూ క్లిప్పులూ పట్టుకుని వచ్చాడు. తెలుగులోనే మాట్లాడాడు. ఆ ప్రాంతం 1936 దాకా విశాఖపట్నం జిల్లాలోదే కదా. ఏజెన్సీ అంతా బొలేరోలే తిరుగుతాయి కాబట్టి సామాను దొరకడం కష్టం కాదు. పైపు, కూలెంట్, కూలీ కలిపి 900 తీసుకున్నాడు, ఇంకో రెండొందలు నేనే ఇచ్చాను.

కోరాపుట్‌లో జగన్నాథుడి గుడి చూసి, కాఫీ తాగి, నందపూర్ మీదుగా అరకు వచ్చాం. ముందే డబ్బు కట్టిన రిసార్టులో గేటు దగ్గర కాపలా అతను "లోడు బళ్లు బయటండీ" అన్నాడు. రశీదు చూపించాక కూడా బండిని రోడ్డు మీదే పెట్టించారు, గది 3,200. మిగతా ట్రిప్పులో అంత డబ్బు ఎక్కడా పెట్టలేదు, అంత చిరాకూ పడలేదు. పసుపు బోర్డు అయితే పార్కింగ్ సంగతి బుక్ చేసేముందే ఫోన్లో అడగండి.

అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు రెండో గేరు వదల్లేదు, ఇంజిన్ ఆపి జారనివ్వలేదు, ఆపితే బ్రేకు బండరాయిలా అయిపోతుంది. శృంగవరపుకోటలో ఆగి చక్రాలు ముట్టుకుంటే వెచ్చగానే ఉన్నాయి కానీ వాసన లేదు. మొత్తం మీద లీటరుకు 12 ఇచ్చింది. ఇసుక బస్తాలు ఇంటి ముందు దించాం, గురువారం కొబ్బరికాయల లోడు ఉంది.